కమ్యూనిటీ కాలేజీలో మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ చదవడం ఎలా? అమెరికాలోని తెలుగువారి కోసం

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అనగానే మన కుటుంబాల్లో చాలామందికి, యూనివర్సిటీలో చేరే ముందు ఖర్చు తగ్గించుకోవడానికి పిల్లలు చదివే మొదటి రెండేళ్లే గుర్తుకు వస్తాయి. అయితే 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైన ఈ రెండేళ్ల కాలేజీల వ్యవస్థ చాలాకాలంగా మరో పనిని కూడా అంతే శ్రద్ధగా చేస్తోంది. చుట్టుపక్కల కర్మాగారాలకు కావలసిన మెషినిస్టులను, టెక్నీషియన్లను, క్వాలిటీ ఇన్‌స్పెక్టర్లను తయారుచేసే కోర్సులు దేశమంతటా ఈ కాలేజీల్లో ఉన్నాయి. హైదరాబాద్‌లోనో కాకినాడలోనో మెకానికల్ డిప్లొమా లేదా బీటెక్ పూర్తిచేసి, పెళ్లి తరువాత ఇక్కడికి వచ్చి ఆ చదువును పక్కన పెట్టినవారికి, గ్రీన్‌కార్డు మీద వచ్చి ఐటీఐలో నేర్చుకున్న టర్నర్ పనిని ఇక్కడ కొనసాగించాలనుకునేవారికి, చేతిపని మీద మనసున్న హైస్కూలు పిల్లల తల్లిదండ్రులకు ఈ దారి నిజంగా ఉపయోగపడుతుంది. ఈ చదువు సారమంతా యంత్రాల మీద పని నేర్పే మెషిన్ షాపులో మీరు గడిపే గంటల్లోనే ఉంటుంది కాబట్టి, కోర్సు ఎంపిక మొదలుకొని టైమ్‌టేబుల్ వరకు ప్రతి నిర్ణయాన్నీ ఆ గంటలు పెరిగేలా తీసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

1. ఏ కోర్సు కావాలో ముందు తేల్చుకోండి

కాలేజీ కేటలాగులో ఈ రంగానికి నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. మెషిన్ టూల్ టెక్నాలజీ, ప్రెసిషన్ మెషినింగ్ అనే పేర్లతో ఉన్నవి లేత్ (ముక్కను తిప్పుతూ కోయడం), మిల్లింగ్ (తిరిగే పనిముట్టుతో కోయడం), గ్రైండింగ్, సీఎన్‌సీ (కంప్యూటర్ కోడ్‌తో నడిచే యంత్రాల) పనులను నేర్పుతాయి. మెకట్రానిక్స్, ఇండస్ట్రియల్ మెయింటెనెన్స్ అనే పేర్లతో ఉన్నవాటిలో మోటార్లు, యంత్రాలను నియంత్రించే పీఎల్‌సీ కంప్యూటర్లు, ద్రవపు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్స్, రోబోల నిర్వహణ, మరమ్మతు ప్రధానంగా ఉంటాయి. మాన్యుఫాక్చరింగ్ టెక్నాలజీ అనే పేరు కింద ఒక కాలేజీ మొదటిదాన్ని, పక్క ఊరి కాలేజీ రెండోదాన్ని బోధిస్తూ ఉండవచ్చు కనుక, పేరును నమ్ముకోకుండా సబ్జెక్టుల జాబితాను చివరిదాకా చదవండి.

తరువాత చూడవలసింది పట్టా స్థాయి. సర్టిఫికెట్ కోర్సులు ఒక సెమిస్టర్ నుంచి ఏడాది వరకు ఉంటాయి. అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ డిగ్రీ సుమారు 60 క్రెడిట్లతో రెండేళ్లు పడుతుంది, దాని లక్ష్యం నేరుగా ఉద్యోగమే. అసోసియేట్ ఆఫ్ సైన్స్ డిగ్రీ నాలుగేళ్ల యూనివర్సిటీకి బదిలీ కావడం కోసం రూపొందించినది. మన తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అప్లైడ్ సైన్స్ డిగ్రీలోని షాపు క్రెడిట్లను చాలా ఇంజనీరింగ్ కళాశాలలు లెక్కలోకి తీసుకోవు. పిల్లవాడు ముందు ముందు మెకానికల్ ఇంజనీరింగ్ బ్యాచిలర్స్ చేయాలనుకుంటే కాల్‌క్యులస్, ఫిజిక్స్ ఉన్న బదిలీ కోర్సులో చేరి, షాపు సబ్జెక్టులను అదనంగా తీసుకోవడం మేలు. ఇప్పటికే బీటెక్ ఉన్నవారు మాత్రం మళ్లీ డిగ్రీ కోసం రెండేళ్లు వెచ్చించకుండా, సర్టిఫికెట్ తీసుకుని మిగిలిన సమయాన్ని యంత్రాల దగ్గర గడపడమే తెలివైన పని.

అరిజోనాలోని మారికోపా కాలేజీల్లో సెమీకండక్టర్ టెక్నీషియన్ల కోసం 2022లో మొదలైన పది రోజుల క్విక్ స్టార్ట్ వంటి పొట్టి శిక్షణలు కూడా ఉన్నాయి. ఆ రంగం మీకు సరిపడుతుందో లేదో తెలుసుకోవడానికి అవి చక్కగా పనికివస్తాయి, కానీ వాటిని పూర్తి చదువుతో సమానంగా భావించకండి.

2. కాలేజీని దాని షాపును చూసి ఎంచుకోండి

వెబ్‌సైటులోని ఫోటోల్లో ప్రతి షాపూ మెరుస్తూనే ఉంటుంది. విభాగాధిపతికి ఈమెయిల్ రాసి, తరగతి జరుగుతున్న సమయంలోనే షాపును చూడడానికి అనుమతి అడగండి. చాలా కాలేజీల్లో అధ్యాపకులు సంతోషంగా తిప్పి చూపిస్తారు, ఎందుకంటే ఈ తరగతులు నిండడం వాళ్లకూ అవసరమే. లోపలికి వెళ్లిన తరువాత యంత్రాల సంఖ్య కంటే, వాటిలో ఎన్నింటి ముందు విద్యార్థులు నిలబడి పని చేస్తున్నారో గమనించండి. ఒక్క సీఎన్‌సీ యంత్రం చుట్టూ ఎనిమిది మంది చేతులు కట్టుకుని నిలబడి ఉంటే, మీరు కట్టే ఫీజులో ఎక్కువ భాగం చూడడానికే పోతుంది.

కొన్ని ప్రశ్నలను తప్పకుండా అడగండి. సీఎన్‌సీకి ముందు చేత్తో నడిపే లేత్, మిల్లింగ్ యంత్రాల మీద ఒక పూర్తి సెమిస్టర్ ఉంటుందా? తరగతి గంటలు కాకుండా వచ్చి పని చేసుకోవడానికి ఓపెన్ ల్యాబ్ ఉందా, ఉంటే వారానికి ఎన్ని గంటలు? కొలతల కోసం విడిగా ఇన్‌స్పెక్షన్ గది, అందులో ముక్కను మూడు దిశల్లో కొలిచే కోఆర్డినేట్ మెజరింగ్ మెషిన్ ఉన్నాయా? సాయంత్రం తరగతులు ఉన్నాయా? నా దృష్టిలో ఓపెన్ ల్యాబ్ గురించిన ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికంటే ముఖ్యమైనది. పాత యంత్రాలున్నా వారానికి పది గంటల ఓపెన్ ల్యాబ్ ఉన్న కాలేజీ, కొత్త యంత్రాలను తరగతి అయిపోగానే తాళం వేసి ఉంచే కాలేజీ కంటే మేలు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని క్యూపర్టినోలో, సాఫ్ట్‌వేర్ కంపెనీల నడుమ ఉన్న డి ఆంజా కాలేజీలో డిజైన్, మాన్యుఫాక్చరింగ్ విభాగం సీఎన్‌సీని బోధిస్తుంది. మిషిగన్‌లో కార్ల పరిశ్రమ పక్కనే మకోంబ్ కమ్యూనిటీ కాలేజీ, ఒహాయోలోని డేటన్‌లో సింక్లెయిర్ కమ్యూనిటీ కాలేజీ ఉన్నాయి. నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో సెంట్రల్ పీడ్‌మాంట్ కాలేజీ, సీమెన్స్ కర్మాగారంతో కలిసి అప్రెంటిస్‌షిప్ నడుపుతుంది. సౌత్ కరోలినాలో బీఎండబ్ల్యూ కర్మాగారం కూడా చుట్టుపక్కల టెక్నికల్ కాలేజీల విద్యార్థులను చదువుకుంటూనే పని చేయడానికి తీసుకుంటుంది. కెంటకీలో టొయోటా 2010లో మొదలుపెట్టిన పద్ధతి, తరువాత ఫేమ్ పేరుతో ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. అందులో విద్యార్థి వారంలో రెండు రోజులు కాలేజీలో చదివి, మూడు రోజులు కర్మాగారంలో జీతానికి పని చేస్తూ ఐదు సెమిస్టర్లలో డిగ్రీ పూర్తిచేస్తాడు. మీ ఇంటికి అందుబాటులో ఇటువంటి కార్యక్రమం ఉండి, పని చేసే అనుమతి మీకు ఉంటే, మిగతావాటి గురించి ఆలోచించే ముందు దానికే దరఖాస్తు చేయండి.

3. వీసా, ఫీజు లెక్కలను చేరకముందే సరిచూసుకోండి

హెచ్-4 మీద ఉన్నవారు పూర్తికాలమైనా, పాక్షికంగానైనా చదువుకోవచ్చు. కానీ జీతం వచ్చే ఏ పనికైనా వర్క్ పర్మిట్ కావాలి, అప్రెంటిస్‌షిప్ కూడా ఉద్యోగమే అవుతుంది. జీవిత భాగస్వామికి గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 పిటిషన్ ఆమోదం పొందిన హెచ్-4 వారు 2015 నుంచి ఈ అనుమతికి దరఖాస్తు చేసుకోగలుగుతున్నారు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ స్థితి ముగుస్తుంది కనుక, రెండేళ్ల కోర్సు మధ్యలో ఆ పుట్టినరోజు వస్తుందేమో ముందే చూసుకుని, అవసరమైతే ఎఫ్-1కు మారే ప్రయత్నాన్ని నెలల ముందుగా మొదలుపెట్టాలి. నేరుగా ఎఫ్-1 మీద వచ్చేవారు సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. అసోసియేట్ డిగ్రీతో, చదివిన రంగంలో పని చేసే అనుమతి అయిన ఓపీటీ ఏడాది దొరుకుతుంది, కానీ స్టెమ్ పొడిగింపుకు బ్యాచిలర్స్ లేదా అంతకు పై డిగ్రీ ఉండాలి. ఈ ఒక్క కారణం వల్లనే, భారతదేశం నుంచి కేవలం ఈ చదువు కోసం ఎఫ్-1 మీద రావాలనుకునేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. అలాంటివారికి బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వంటి సంస్థ ఇంటి దగ్గరే ఉంది.

ఫీజు విషయంలో అన్నిటికంటే పెద్ద తేడాను తెచ్చేది నివాస స్థితి. కాలిఫోర్నియాలో సెమిస్టర్ పద్ధతి నడిపే కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు, అంటే 60 యూనిట్ల డిగ్రీకి 2,760 డాలర్లు పడుతుంది. నివాసులు కానివారు దానికి అనేక రెట్లు కట్టవలసి వస్తుంది. వీసా మీద ఉన్నాం కదా అని మనవాళ్లు చాలామంది తమకు తామే నివాసులు కామని అనుకుని ఎక్కువ ఫీజు కట్టేస్తారు. కాలిఫోర్నియా, టెక్సస్‌లతో సహా కొన్ని రాష్ట్రాల్లో హెచ్-1, హెచ్-4 వారు కూడా నిర్ణీత కాలం నివసించి, మిగిలిన నిబంధనలను నెరవేర్చితే స్థానిక ఫీజుకు అర్హులవుతారు. అద్దె ఒప్పందం, డ్రైవింగ్ లైసెన్స్, పన్ను పత్రాలు వెంటబెట్టుకుని కాలేజీ అడ్మిషన్ల కార్యాలయంలోనే ఈ సంగతి అడగండి.

ఫెడరల్ ప్రభుత్వపు పెల్ గ్రాంటు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, మరికొన్ని అర్హత గల వర్గాలకు ఫాఫ్సా అనే ఆర్థిక సహాయ దరఖాస్తు ద్వారా అందుతుంది. ఇప్పటికే బ్యాచిలర్స్ డిగ్రీ ఉన్నవారికి, అది ఇండియాలో చేసిందైనా సరే, డిగ్రీ కోర్సుకు ఈ గ్రాంటు రాదు. వారు జీన్ హాస్ ఫౌండేషన్ వంటివి కాలేజీల ద్వారా ఇచ్చే మెషినింగ్ స్కాలర్‌షిప్పుల గురించి విభాగంలో అడిగి తెలుసుకోవాలి.

4. చేరడం

ఈ కాలేజీల్లో దాదాపు అందరికీ ప్రవేశం దొరుకుతుంది కనుక మన పాలీసెట్ వంటి పోటీ భయం అక్కరలేదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపి, ఇండియా మార్కుల జాబితాలను గుర్తింపు పొందిన సంస్థతో మూల్యాంకనం చేయించి సమర్పిస్తే, గణితం వంటి కొన్ని సాధారణ సబ్జెక్టుల నుంచి మినహాయింపు లభించవచ్చు. ఆ మినహాయింపు వచ్చిన ప్రతి సబ్జెక్టూ మీకు షాపులో మరికొన్ని గంటలను ఇస్తుంది కనుక, కౌన్సెలర్ దగ్గర పట్టుబట్టి రాతపూర్వకంగా తీసుకోండి.

షాపు తరగతుల్లో సీట్లు తక్కువగా ఉంటాయి, రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి రోజుల్లోనే నిండిపోతాయి. నిండిపోయినా నిరాశపడకుండా వెయిట్‌లిస్టులో పేరు ఇచ్చి, మొదటి తరగతికి భద్రతా కళ్లజోడుతో సహా స్వయంగా హాజరుకండి. మొదటి వారంలోనే కొందరు మానేస్తారు, ఎదురుగా నిలబడి ఉన్నవారికే ఆ సీటు దక్కే అవకాశం ఎక్కువ.

5. మొదటి సెమిస్టర్‌ను కొలతలకు, డ్రాయింగులకు కేటాయించండి

షాపులో అడుగు పెట్టే ముందు ఒంటిమీద ఉన్నవాటిని చూసుకోవాలి. యంత్రంలో తిరిగే ఇరుసు, అంటే స్పిండిల్, బట్టను గానీ గొలుసును గానీ పట్టుకుంటే, మనిషి వెనక్కి లాక్కునేంత సమయం ఉండదు. ఉంగరాలు, గాజులు, చేతి దారాలు, కడియం, గడియారం తీసి లాకరులో పెట్టాలి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని స్త్రీలు చాలామంది ఉంటారు, దానిని నేను అర్థం చేసుకోగలను. కానీ లేత్ ముందు వంగినప్పుడు మెడలోని గొలుసు ముందుకు వేలాడుతుంది కాబట్టి, పని పూర్తయ్యేదాకా దానిని తీసి భద్రపరచుకోవడమే సరైన పద్ధతి. చున్నీ, వదులు చేతులున్న చొక్కా పనికిరావు, జడను ముడిచి టోపీలోకి దోపాలి. తిరిగే యంత్రం దగ్గర చేతి తొడుగులు రక్షణ కావు, అవే ప్రమాదం. లోహపు తురుమును ఎప్పుడూ బ్రష్‌తోనే తీయాలి, చేత్తో తీస్తే వేళ్లు తెగుతాయి. లేత్‌లో ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళంచెవిని, అంటే చక్ కీని, చేతిలోంచి వదిలే ముందే చక్ నుంచి బయటికి తీసే అలవాటు మొదటి రోజు నుంచే కావాలి. దానిని అందులోనే మరచి లేత్ ఆన్ చేస్తే అది తుపాకీ గుండులా దూసుకువస్తుంది.

ఇక కొలతల విషయానికి వస్తే, ఇండియాలో మిల్లీమీటర్లతో చదువుకున్నవారికి అంగుళాల మైక్రోమీటర్ మొదట తికమకగా ఉంటుంది. మన మైక్రోమీటర్‌లో ఒక చుట్టుకు 0.5 మిల్లీమీటర్ జరిగితే, తిప్పే గొట్టమైన థింబుల్ మీద 50 గీతలు ఉండి ఒక్కొక్కటి 0.01 మిల్లీమీటర్‌ను చూపిస్తుంది. ఇక్కడి మైక్రోమీటర్‌లో స్పిండిల్ అనే కొలిచే కడ్డీ మీద అంగుళానికి 40 మర చుట్లు ఉంటాయి కనుక ఒక చుట్టుకు 0.025 అంగుళం జరుగుతుంది. థింబుల్ మీద 25 గీతలు ఉంటాయి, ఒక్కొక్కటి 0.001 అంగుళం, షాపు భాషలో ఒక థౌ. కదలని గొట్టమైన స్లీవ్ మీద 2 అనే అంకె, దాని తరువాత రెండు చిన్న గీతలు కనిపించి, థింబుల్ మీద 13వ గీత మధ్యరేఖతో కలిస్తే, 0.200, 0.050, 0.013 కూడి 0.263 అంగుళం అవుతుంది. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు అన్నది గుర్తుపెట్టుకోండి, కానీ ప్రతి కొలతనూ మిల్లీమీటర్లలోకి మార్చుకుంటూ కూర్చోకండి. చివర ఉండే రాచెట్ పిడిని తిప్పుతూ ఒకే ముక్కను పదిసార్లు కొలిచి పదిసార్లూ ఒకే అంకె వచ్చేదాకా సాధన చేస్తే, కొన్ని వారాల్లో థౌలలోనే ఆలోచించడం అలవాటవుతుంది. ఈ దశలో 6 అంగుళాల స్టీలు స్కేలు, డయల్ కాలిపర్, 0 నుంచి 1 అంగుళం మైక్రోమీటర్ సొంతంగా ఉంటే చాలు. స్టారెట్, మిటుటోయో వంటి మంచి కంపెనీలవి పాతవి కొన్నా ఏళ్ల తరబడి పనిచేస్తాయి కనుక, పెద్ద పనిముట్ల పెట్టెను అప్పుడే కొనవలసిన అవసరం లేదు.

డ్రాయింగ్ చదవడంలో ఇంకా సూక్ష్మమైన ఇబ్బంది ఒకటి ఉంది. మన పాలిటెక్నిక్కుల్లో, ఇంజనీరింగ్ కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్. అందులో పైనుంచి చూసిన రూపాన్ని ఎదుటి రూపానికి కింద గీస్తారు, కుడి పక్కనుంచి చూసినదానిని ఎడమవైపు గీస్తారు. అమెరికాలో వాడేది థర్డ్ యాంగిల్ కనుక, పైరూపం పైనే ఉంటుంది, కుడి రూపం కుడివైపే ఉంటుంది. పాత అలవాటుతో చదివితే రంధ్రం ఒక పక్కకు బదులు ఎదురు పక్కన పడుతుంది, ఆ ముక్క చెత్తబుట్టలోకే పోతుంది. ప్రతి డ్రాయింగ్‌లోనూ వివరాలుండే టైటిల్ బ్లాకులో, ఏ యాంగిల్ పద్ధతో తెలిపే కోసిన శంకువు గుర్తును చూసిన తరువాతే మిగతాది చదవండి. ఆకృతికి, స్థానానికి సంబంధించిన టాలరెన్స్ (అనుమతించే తేడా) గుర్తులను అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘపు ఏఎస్ఎంఈ వై14.5 ప్రమాణం ప్రకారం బోధించే సబ్జెక్టు ఉంటే, ఐచ్ఛికమైనా దానిని వదలకండి. ఉద్యోగంలో జీతాన్ని పెంచే నైపుణ్యాల్లో అది ముందు వరుసలో ఉంటుంది.

గణితం మన డిప్లొమా వారికి సులువే. ఉదాహరణకు, నిమిషానికి అడుగుల్లో ఉన్న కటింగ్ వేగాన్ని నాలుగుతో హెచ్చించి, అంగుళాల్లో ఉన్న పనిముట్టు వ్యాసంతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పాలో తెలుస్తుంది. మెత్తని ఉక్కుకు నిమిషానికి 100 అడుగుల వేగం, అర అంగుళం హైస్పీడ్ స్టీల్ ఎండ్ మిల్ (మిల్లింగ్‌లో కోసే పనిముట్టు) తీసుకుంటే 800 ఆర్‌పీఎం వస్తుంది. నేర్చుకోవలసింది ఆ తరువాతి భాగం. తురుము రంగు, యంత్రం శబ్దం, ముక్క మీది గరుకుదనం గమనిస్తూ ఆ 800ను ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు పెంచాలో చేతికి తెలియాలి. దానికి ఓపెన్ ల్యాబ్ తప్ప వేరే మార్గం లేదు.

6. సీఎన్‌సీని తొందరపడకుండా మొదలుపెట్టండి

సీఎన్‌సీ యంత్రానికి ఆదేశాలిచ్చే జీ-కోడ్ చూడడానికి ప్రోగ్రామింగ్‌లా ఉండడంతో, మనవారిలో సాఫ్ట్‌వేర్ తెలిసినవారు దీనిని చాలా త్వరగా పట్టుకుంటారు. జీ00 వేగంగా జరగడానికి, జీ01 కోస్తూ సూటిగా వెళ్లడానికి, జీ02, జీ03 వంపులకు, ఎం03 స్పిండిల్ తిరగడానికి అని ఒక పూటలో గుర్తుండిపోతుంది. ఆ తరువాత మాస్టర్‌క్యామ్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ కోడ్‌ను తానే రాసిపెడుతుంది. కష్టమైన పని సెటప్. ముక్కను వైస్ అనే బిగింపు పట్టులో నిటారుగా బిగించడం, దాని సున్నా స్థానాన్ని జీ54 ఆఫ్‌సెట్‌లో నమోదు చేయడం, ప్రతి పనిముట్టు పొడవును కొలిచి సరైన వరుసలో రాయడం, వీటిలో ఒక్క అంకె తప్పినా పనిముట్టు నేరుగా వైస్‌ను ఢీకొంటుంది.

అందుకే మొదటిసారి ప్రోగ్రాం నడిపేటప్పుడు యంత్రాన్ని ఒక్కో ఆదేశం తరువాత ఆగే సింగిల్ బ్లాక్‌లో పెట్టి, కోయకుండా జరిగే ర్యాపిడ్ వేగాన్ని 5 లేదా 25 శాతానికి తగ్గించి, ఒక వేలు కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద ఉంచాలి. పనిముట్టు ముక్కకు అంగుళం దూరంలోకి రాగానే ఆపి, తెరమీద ఇంకా ఎంత దూరం వెళ్లాలని చూపిస్తోందో చదవండి. తెర మీద 3 అంగుళాలు అని ఉండి, కంటికి ఒక అంగుళమే కనిపిస్తే, ఆఫ్‌సెట్ తప్పిందన్నమాట. ఈ పది క్షణాల పరిశీలన వేల డాలర్ల స్పిండిల్‌ను కాపాడుతుంది, ఉద్యోగాల్లో అనుభవజ్ఞులు కూడా దీనిని ప్రతి కొత్త సెటప్‌కూ చేస్తారు.

7. సర్టిఫికేషన్లు, ఉద్యోగ ప్రయత్నం

రెండో సెమిస్టర్ నుంచే నిమ్స్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ మెటల్‌వర్కింగ్ స్కిల్స్) సర్టిఫికేషన్ల గురించి అధ్యాపకుడితో మాట్లాడండి. లోహపు పనుల నైపుణ్యాలకు ఈ రంగంలో బాగా తెలిసిన గుర్తింపు ఇది. మొదటి స్థాయిలోని కొలతలు, పదార్థాలు, భద్రత అనే విభాగంతో ప్రారంభించవచ్చు. యంత్రపు పనికి సంబంధించిన స్థాయుల్లో ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం ముక్కను తయారుచేసి, దానిని తనిఖీకి ఇచ్చి, రాతపరీక్ష కూడా రాసే పద్ధతి ఉంది. ఉత్పత్తి విభాగాల్లో పని చేయాలనుకునేవారికి ఎంఎస్‌ఎస్‌సీ (మాన్యుఫాక్చరింగ్ స్కిల్ స్టాండర్డ్స్ కౌన్సిల్) ఇచ్చే సర్టిఫైడ్ ప్రొడక్షన్ టెక్నీషియన్ సర్టిఫికేషన్ ఉపయోగపడుతుంది. ఈ రెండింటిలో ఒకదానినే ఎంచుకోవలసి వస్తే, చేతిపని నేర్చినవారికి నేను నిమ్స్‌నే చెబుతాను.

ఉద్యోగాలు వెతికేటప్పుడు ప్రకటనలో ఐటార్ (రక్షణ సాంకేతికత ఎగుమతిని నియంత్రించే నిబంధనలు) అనే మాట ఉందేమో చూడండి. విమాన, రక్షణ రంగాల భాగాలు చేసే షాపుల్లో ఆ నిబంధన వల్ల సాధారణంగా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థులకు మాత్రమే అవకాశం ఉంటుంది. వర్క్ పర్మిట్ ఉన్న హెచ్-4 వారు వైద్య పరికరాలు, కార్లు, సెమీకండక్టర్ యంత్రాల విడిభాగాలు చేసే షాపుల మీద దృష్టి పెడితే సమయం వృథా కాదు. చిన్న షాపులను చిన్నచూపు చూడకండి. పాతిక మంది పని చేసేచోట సెటప్, ప్రోగ్రామింగ్, తనిఖీ అన్నీ ఏడాదిలో చేతికి వస్తాయి, పెద్ద కర్మాగారంలో అంతకాలం ఒకే యంత్రానికి ముక్కలు అందిస్తూ ఉండిపోవచ్చు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మార్కుల జాబితాతో పాటు, షాపులో మీరు చేసిన రెండు మూడు ముక్కలను శుభ్రంగా తుడిచి, తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాసి, ఒక్కొక్కదానికి దాని డ్రాయింగును, మీరే కొలిచి నింపిన తనిఖీ పత్రాన్ని జతచేసి తీసుకువెళ్లండి. షాపు యజమాని జేబులోంచి మైక్రోమీటర్ తీసి మీ పత్రంలోని ఒక కొలతను తానే సరిచూసుకునే అవకాశం ఉంది, కనుక ఆ పత్రంలో వచ్చిన అంకెనే రాయండి, రావలసిన అంకెను రాయకండి. ఏదైనా కొలత టాలరెన్స్ దాటి ఉంటే, అది ఎందుకు దాటిందో, తరువాతి ముక్కలో దానిని ఎలా సరిచేశారో చెప్పడానికి సిద్ధపడి వెళ్లండి.